కొత్త పెట్టకముందే కంది తిన్న అడవిదున్న

రాయే పావనీ. నాను సెప్పింది సెప్పినట్టు రాయి, నీ కాలేజీ తెలుగులోకి మార్సకు.

కొండకెల్లి వొచ్చిన కాణ్ణుంచి ఈదిలో అందరూ ఒకటే అడగడం. దున్నని సూసినావంట కదా, ఎలాగున్నాది, బయమేయనేదా అని. ఒక్కొక్కరికీ సెప్పి సెప్పి నా గొంతు పోయింది. ఎల్లనోలందరూ ఇది సదువుకుంటే నాకు పీడా వొదుల్తాది.

మీ అక్క సంగతి ముందు రాయి, సదివీవోలకి తెల్దు. లావణ్య నా పెద్దకూతురి పెద్దపిల్ల. ఇజినారంలో ఉండి అడవిదున్నల మీద పరిసోదన సేస్తన్నాది. అవి ఒడిశా కొండల్లోంచి మన కొండల్లోకి దిగుతన్నాయి. ఏ దారిన వొస్తన్నాయి, ఏటి తింతన్నాయి, అవి తొక్కిన కాడ అడవి మల్లీ మొలుస్తన్నాదా నేదా, రైతుల సేలకి ఏటవుతన్నాది, ఇవన్నీ సూడాల. కొండకి ఇవతల లావణ్య వోల్లు, అవతల ఒడిశా కాలేజీవోల్లు, ఇద్దరూ కలిసి సేస్తన్నారు. దున్నకి బోర్డరు తెల్దు కదా మరి.

దీనికి డబ్బులిచ్చీవోలు బెంగులూరులో ఉన్నారు. మొదట కొద్దిగా ఇచ్చినారు. మిగిలింది ఇయ్యాలంటే వోల్ల మేడమ్ ఒకావిడ వొచ్చి సూడాల, కొండకింద ఊరోలు "మాకిష్టమే" అని వోల్ల నోటితో సెప్పాల. నేకపోతే నేదు.

మేడమ్ వొస్తానన్న రోజు దగ్గిరకొచ్చింది. సరీగ్గా అప్పుడే ఊరోలు, దున్నల్ని బొమ్మలు తియ్యడానికి లావణ్య అడవిలో కట్టిన కెమేరాలన్నీ సెట్లమీంచి ఊడబీకి అటక మీద పడీసినారు. ఎందుకంటే మీ అక్క, దున్న మేసిన కందిసేలో ఎంత పోయిందో సూద్దామని, పక్కన మిగిలిన మొక్కల కాయలు నాలుగు కోసి కాయితం సంచీలో ఏసింది. కొండోలకి కొత్తకంది అమ్మోరికి పెట్టే కందికొత్త పండగ అవ్వకుండా కంది కాయ కొయ్యకూడదు. సేనుగల మనిసే ముట్టుకోదు. ఇది ఎల్లి సంచీలో ఏసి పేరు రాసి పెట్టింది.

దీని సారు ఎల్లి మాటాడతానంటే ఊరి పెద్ద ఒప్పుకోనేదంట. "పిల్ల తప్పు సేస్తే సారు కాదు రావాల్సింది. ఇంటి పెద్దని తీసుకురా" అన్నాడంట. మీ నాన్నకి సెప్తే కొండెక్కి వోల్లమీదే అరుస్తాడు. అందుకని నన్ను తీసుకెల్లింది.

పొందూరు టేసను

పొద్దున్నే పేసింజరెక్కినాం. సలి ఇంకా పోనేదు. నా ఎదర ఎండుసేపల గంప పెట్టుకుని ఒకావిడ కూకున్నాది. ఎక్కడికప్పా అనడిగింది. సెప్పినాను.

"దున్నలకి డబ్బులిచ్చీవోలున్నారా? మా ఇంట్లో ఒకడున్నాడు, తిని తొంగుంటాడు. ఆడి మీద పరిసోదన సెయ్యమను," అనీసింది.

పెట్టంతా నవ్వినారు. మీ అక్క నవ్వనేదు. కిటికీలోంచి సూస్తన్నాది. ఏటే అంటే, "అమ్మమ్మా, ఊరోలు ఒప్పుకోకపోతే ఒడిశావోల్ల పని కూడా ఆగిపోద్ది. వోల్లు నాకోసం రెండేల్లు తిరిగినారు," అన్నాది. అప్పుడు తెలిసింది నాకు, ఇది నాలుగు కాయలు కోసిన సంగతి కాదని.

సాలూరు లారీలు

ఇజినారంలో దిగి, కాంప్లెక్సులో టీ తాగినాం. పదిహేను రూపాయలు తీసుకున్నాడు, గలాసు సూస్తే బొటనేలంత. అక్కణ్ణుంచి సాలూరు బస్సు. దారంతా మావిడితోటలు, పూత ఇరగబూసింది.

సాలూరంటే లారీలే. ఈది సివర లారీ, సందులో లారీ, టైరు మీద టైరు. అక్కడ కొండసీపుర్లు కొందామని ఆగినాను, మన దగ్గిరకంటే గట్టిగుంటాయి. మీ అక్క "బేగి రా అమ్మమ్మా" అని ఒకటే తొందర. టీకొట్టులో ఒక డ్రైవరు కూకున్నాడు, నడీడు మనిసి. దున్నమాట ఇని కుర్సీ ఇటు తిప్పినాడు.

"గాటీలో నాకు ఎదురొచ్చింది అమ్మా. లైటేసినాను, కదల్నేదు. లారీ ఆపీసి ఇంజినాపి కూకున్నాను. దాని బుద్ది పుట్టినప్పుడు ఎల్లింది."

"హారను కొట్టనేదేటి బాబూ?"

"హారను కొట్టినోడు ఇంకొకడున్నాడు. ఆడి బండి లోయలో ఉన్నాది."

సీపుర్లు కొనడం మర్సిపోయి కొండకెల్లే జీపెక్కీసినాను.

కొండ కింద ఊరు

ఊరంటే ఎదురెదురుగా రెండు వరసల ఇల్లు. గోడలకి ఎర్రమన్ను, కింద నల్లపట్టీ, అద్దంలాగ అలికినారు. మన ఈదిలో ఒక్కరూ అలాగ అలకరు, ఇది రాయి, సదివి సిగ్గు తెచ్చుకుంటారు. అందరూ మమ్మల్ని సూస్తన్నారు గాని ఒక్కరూ పలకరించనేదు. మనూల్లో కొత్తమనిసి దిగితే ఎవులింటికి, ఏ ఊరు, ఏటిపని అని పీక్కుతింటారు కదా. ఇక్కడ నోరెత్తరు. దానికంటే తిట్టినా బాగుణ్ణు.

ఊరి పెద్ద సింగన్న. సన్నంగా, తలకి తువ్వాలు సుట్టుకుని అరుగుమీద కూకున్నాడు. నాకు మంచమేయించినాడు. లావణ్యకి ఏయించనేదు. అది నిలబడే ఉన్నాది.

"నీ మనవరాలేనా అప్పా?"

"నా మనవరాలే తమ్ముడా. తెలవక సేసింది."

"తెలవక కాదు. కొత్తవ్వకుండా సేలోకి ఎల్లకు అని దీనికి సెప్పినాం."

నాను లావణ్యకేసి సూసినాను. అది తల దించుకున్నాది. నాతో ఈ ముక్క సెప్పనేదు! కోపం తన్నుకొచ్చింది గాని పరాయి అరుగుమీద మన పిల్లని తిట్టకూడదు కదా. ఎదటోడి మీదకే తిప్పినాను.

"మరి దున్న కొత్తకి ముందే తినీసింది కదా తమ్ముడా? దానికి తప్పు నేదేటి?"

"దాని ఇంటిపెద్ద ఎవులో మాకు తెల్దు అప్పా. తెలిస్తే దాన్నీ పిలిసీవోలం," అన్నాడు.

అరుగుకింద ఆడోలు కిసుక్కుమన్నారు. నాకూ నవ్వొచ్చింది. ఆయన మాత్రం నవ్వనేదు.

మన ఇంట్లో కొత్తబియ్యం దేవుడికి పెట్టి తింటాం. ఈలోగా ఆవు రెండు ఎన్నులు కొరికితే ఏటనం, మంచిదే అనుకుంటాం. వోల్లకి అలాక్కాదు. అమ్మోరికి పెట్టకుండా ముడితే సేనంతా ఎంగిలి. దున్న ఒక ఎంగిలి, మీ అక్క ఇంకో ఎంగిలి.

తప్పు కట్టమన్నారు. ఒక కోడి, కుండెడు కల్లు. అది కాదు కస్టం. కొత్త అయ్యేదాకా లావణ్య సేను గట్టు దాటకూడదు, తనతో వొచ్చినోలు కూడా దాటకూడదు. సరేనా అంటే సరేనన్నాను. ఇంటిపెద్ద ఒప్పుకున్నాక మల్లీ మాటుండదంట.

అప్పుడు లావణ్య నోరిప్పింది. "మావా, కొత్త ఎప్పుడు?"

మేడమ్ వొచ్చేది ఎల్లుండి. ఆయన సెప్పిన రోజు దాని తర్వాత.

మంచె కింద

మరసటి రోజు సేనుగల మనిసిని కలవాలని ఎల్లినాం. సుక్కమ్మ, నా ఈడే ఉంటాది. గట్టవతల మంచె కింద కుంపటేసుకుని కూకున్నాది. మేం గట్టు ఇవతలే నిలబడినాం. నాను మాటలకి ముందు ఎప్పుడూ దగ్గుతాను, నీకు తెలుసు కదా. దగ్గబోతంటే సుక్కమ్మ సెయ్యెత్తింది. కదలొద్దని.

సేను అవతలి కొసని కంది మొక్కలు కదుల్తన్నాయి. గాలి నేదు.

ముందు ఈపు కనిపించింది. నల్లగా, మెడ మీద మూపురం గుట్టలాగ. తర్వాత తలెత్తింది. కొమ్ములు పసుపురంగు, కొసలు నలుపు. కాళ్ళకి తెల్ల మేజోళ్ళు తొడిగినట్టున్నాయి, అంత మనిసికి ఆ సోకేటో. మన పెద్ద దున్నపోతుని దీని పక్కన కడితే దూడనుకుంటారు.

అది మమ్మల్ని సూసింది. బుస్సుమని ఒక ఊపిరి ఒదిలింది. నా సెప్పు ఒకటి కాలవలోకి జారిపోయింది, తీసుకోనేదు. లావణ్య నా మణికట్టు పట్టుకున్నాది, గోళ్ళు దిగిపోతన్నాయి. సుక్కమ్మ డబ్బా ముందరే ఉన్నాది, వాయించనేదు. దూరంగుంటే వాయిస్తారంట, దగ్గిరకొచ్చీసినాక సప్పుడు సేస్తే మీదకొస్తాదంట. అది ఒక్కొక్క మొక్కే కొస తుంపి తింతన్నాది. నవుల్తన్న సప్పుడు నాకు ఇనబడతన్నాది. తింతా తింతా మాకేసి ఒక్కో అడుగే వొస్తన్నాది.

రాములోరిని తలుసుకున్నాను, అమ్మోరిని తలుసుకున్నాను, మీ తాతనీ తలుసుకున్నాను పొయ్యిమీద పాలు సూడమని సెప్పనేదని. అలాటప్పుడు ఏటేటో గుర్తొస్తాది.

గట్టుదాకా వొచ్చి ఆగింది. ఆగి, పక్కకి తిరిగి, కొండకేసి ఎల్లిపోయింది. పరిగెట్టనేదు. నడిసే ఎల్లింది, సొంత సేలో నడిసినట్టు.

సుక్కమ్మ లేసి మా దగ్గిరకొచ్చింది. దారంతా కూడబలుక్కున్న మాటలు మొదలెట్టినాను. "వదినా, పిల్ల తప్పు..." అన్నానో నేదో, ఏడుపొచ్చీసింది. ఆవిడ నా మొహం సూసి, "ముందు నీల్లు తాగు వదినా. తప్పుమాట తర్వాత," అన్నాది. కాలవలోంచి నా సెప్పు కూడా తీసిచ్చింది.

దొంగదారి

ఆ సాయంత్రం మీ అక్కకీ నాకూ దెబ్బలాట పడింది. మమ్మల్ని తెచ్చిన జీపు డ్రైవరు సెప్పినాడు నాకు, ఊర్లోకి రాకుండా అడవిలోంచి ఆ సేను ఎనక్కి ఒక దారుందంట. మేడమ్‌ని అలాగ తీసుకెల్లి సూపించీసి, ఊరోల మాట తర్వాత సెప్పుకుందామని నా ఆలోసన. తప్పేటే? పిల్ల కొలువు కదా నాకు ముక్యం.

"గట్టు దాటనని ఒప్పుకున్నది నువ్వు కాదా అమ్మమ్మా?"

"ఒప్పుకున్నాను. ఆ దారికి గట్టు నేదు."

"ఆవిడకి సేను సూపిస్తాను, డబ్బులొస్తాయి. ఆ తర్వాత మూడేల్లు ఈ ఊల్లో నా మొహం ఎవులు సూస్తారు?"

"డబ్బులే రాకపోతే ఊరేటి, మొహమేటి! నీ కాళ్ళు నువ్వే నరుక్కుంటన్నావే!"

అది అన్నం తినకుండా తొంగున్నాది. నానూ తిననేదు. ఉడకబెట్టిన సిలగడదుంపలు అలాగే సల్లారిపోయినాయి.

కల్వర్టు మీద మేడమ్

మేడమ్ వొచ్చింది. జుత్తు కత్తిరించుకున్నాది, బూట్లేసుకున్నాది, మన మనిసి కాదు గాని తెలుగు కొద్దికొద్దిగా వొచ్చు. లావణ్య ఊరి మొదట కల్వర్టు కాడే ఆపీసి మొత్తం సెప్పీసింది. కాయ కోసిన సంగతి, ముందే సెప్పినా ఇననేదన్న సంగతి, కెమేరాలు అటకెక్కిన సంగతి. ఒక్కటీ దాచనేదు. నాను పక్కన పల్లు కొరుక్కుంటన్నాను.

మేడమ్ అంతా ఇన్నాది. "అయితే నేను ఏం చూడటానికి వచ్చాను?" అన్నాది.

ఆవిడ కల్వర్టు మీదే కూకున్నాది. సుక్కమ్మ అడ్డాకు దొన్నెలో సోడి అంబలి, రాగులదే, తెచ్చింది, మేడమ్ తాగింది. సింగన్నా వొచ్చినాడు, ఎనకాల సగం ఊరు. నిలబడే అడిగినాడు.

"డబ్బులిచ్చినోలకి ఈ కొండమీద హక్కొస్తాదా?"

"రాదు."

"ఇది దున్నల జాగా అని రాసీసి మమ్మల్ని లేపించీయరు కదా?"

"మేం ఎవరినీ లేపించలేం. దున్నలు ఎందుకు దిగుతున్నాయో తెలిస్తే మీకూ పనికొస్తుందనే."

"మరి మా సేల కాడ తీసిన బొమ్మలు ఎవులివి?"

మేడమ్ లావణ్యకేసి సూసింది. అప్పటిదాకా టకటకా సెప్పిన మనిసి ఈమాటు నెమ్మదిగా, "ప్రాజెక్టువి," అన్నాది.

సింగన్న తలూపినాడు. అది మంచి ఊపుడు కాదు. "కొత్త అవ్వకుండా కొత్తమాటేదీ ఒప్పుకోం. అయినాక సెప్తాం," అనీసి ఎల్లిపోయినాడు.

మేడమ్‌కి ఇమానం ఉన్నాది, కొత్తదాకా ఆగడానికి అవ్వదు. కొత్తయిన మరసటి రోజే బెంగులూరులో వోల్ల మీటింగు, ఎవులికి డబ్బులియ్యాలో తేల్సీస్తారంట. ఎల్తా ఎల్తా లావణ్యతో, "ఈలోగా ఊరి మాట నాకు అందకపోతే నేను చేసేది ఏమీ లేదమ్మా," అన్నాది. కారు దుమ్ములో కలిసిపోయింది. మీ అక్క ఆ దుమ్ములో అలాగే నిలబడిపోయింది. దొంగదారి మాట మల్లీ ఎత్తుదామని నోరు తెరిసి, దాని మొహం సూసి మూసీసినాను.

కొత్త నాడు

పండగంటే మనలాగ దీపాలూ పిండొంటలూ కాదు. పొద్దున్నే అమ్మోరి రాయి కాడ కోడిని కోసి, కొత్తకంది, గుమ్మడికాయ కలిపి కొత్తకుండలో ఉడకబెట్టినారు. ముందు అమ్మోరికి. తర్వాత సచ్చిపోయిన పెద్దలకి, పేరు పేరునా పిలిసి. ఆ తర్వాత బతికినోలకి. డప్పులు వాయిస్తన్నారు, ఆడోలు సేతులు పట్టుకుని ఆడతన్నారు. నన్నూ లాగినారు, రెండు అడుగులేసి మోకాలు పట్టుకుని కూకున్నాను.

మాకు పెడతారో నేదో తెల్దు. పెట్టకపోతే మాటలేదని అర్దం. మీ అక్క వరసకి దూరంగా నిలబడ్డాది. సుక్కమ్మ అడ్డాకు మీద గరిటెడు కంది ఏసుకుని ఇటే వొచ్చింది. ముందు నాకిచ్చింది. తర్వాత దానికి. కంది, గుమ్మడికాయ, ఉప్పు తప్ప ఇంకేటీ నేదు అందులో. అంత రుసి నాను ఎరగను, నిజం సెప్తన్నాను.

తినీదాకా ఆగి సింగన్న పిలిసినాడు.

"ఇదిగో పిల్లా. కందికి కొత్తున్నాది, మావిడికి కొత్తున్నాది. మీ బొమ్మలకీ కొత్తుండాల. మా కొండ మీద తీసిన బొమ్మ ముందు మా ఊరు సూడాల. మేం సూసి సరే అన్నాకే బైటకెల్లాల. అవతల ఒడిశా పక్క మా సెల్లెలి ఊరున్నాది, వోల్లకీ ఇదే మాట. దీనికి ఒప్పుకుంటే కెమేరాలు కట్టుకో."

లావణ్య ఆకు కింద పెట్టీసింది. "మావా, నాకు ఇస్టమే. డబ్బులిచ్చీవోలు ఒప్పుకోవాల."

"ఫోను కలుపు."

ఊల్లో సిగ్నలు నేదు. కొండమీద ఒక బండ కాడ వొస్తాదంట. సింగన్న, లావణ్య, ఎనకాల ఈడ్చుకుంటా నాను. మేడమ్ ఎత్తింది, లావణ్య స్పీకరులో పెట్టింది. సింగన్నే మాటాడినాడు, కల్వర్టు కాడ మాటాడినట్టే, ఒక్క మాట తగ్గించనేదు, పెంచనేదు. సిగ్నలు పోయిందేమోనని లావణ్య ఫోను సూసింది. పోనేదు.

"ఇలాంటి షరతు మా దగ్గర ఎవరూ పెట్టలేదు," అన్నాది మేడమ్ సివరికి. "రేపు అడుగుతాను. మాట ఇవ్వలేను."

ఆ మరసటి రోజు మీ అక్క ఆ బండ దిగనేదు. మద్దేన్నం అన్నం అక్కడికే పట్టుకెల్లినాను. ఎండ నెత్తిమీదకొచ్చింది, దిగింది. మద్దెలో ఒకసారి ఫోను మోగితే ఇద్దరం ఎగిరి పడినాం. మీ తాత. పాలపేకెట్టు ఎక్కడుందని!

పొద్దు వాలిపోతంటే మోగింది. లావణ్య ఇంటన్నాది, ఊఁ అంతన్నాది, నాకేటీ తెల్దు. పెట్టీసి బండ మీద కూకుండిపోయింది.

"ఒక్క ఏడాదికి ఇస్తన్నారు అమ్మమ్మా. సింగన్న మావ షరతు రాతలో పెట్టమన్నారు, రెండు పక్కలకీ. రెండో ఏడు ఇయ్యాలో ఒద్దో ఊరోలే సెప్పాలంట."

మూడేల్లకి ఆశపడి ఎల్లినాం. ఒక్క ఏడు. నాకు ఏడవాలో నవ్వాలో తెల్దు. అది మాత్రం గబగబా దిగి, అటక కాడ నిచ్చెనేస్తన్నాది.

ఊరు సూసిన బొమ్మలు

నాను ఇంకో నాలుగు రోజులుండిపోయినాను. కట్టిన కెమేరాలు ఏటి తీసినాయో సూడకుండా ఎలాగొస్తాను?

లావణ్య లాప్‌టాపు తెచ్చి సింగన్న అరుగుమీద పెట్టింది. తను కూడా ముందు సూడనేదు. ఊరంతా కూకున్నాది. మొదట కొండగొర్రె. తర్వాత సింగన్న మేకలు అడవిలో, మేపకూడని కాడ. అందరూ గొల్లుమన్నారు. "దీన్ని తీసీ," అన్నాడు సింగన్న. లావణ్య తీసీసింది.

ఆ తర్వాత దున్నలు. ఒకటి కాదు, మంద. ఆడవి, పిల్లలు, సివర ఆ పెద్దది. కొండ దిగి సుక్కమ్మ సేనుకేసి వొస్తన్నాయి. ఎవులూ నవ్వనేదు. మంచె కింద ఒక్కర్తే కూకునే మనిసి కదా ఆవిడ, ఇన్ని తన మీదకొస్తన్నాయని అప్పటిదాకా తెల్దు.

సుక్కమ్మ లేసి తెరకి మొహం ఆనించినట్టు సూసింది. లావణ్య ఆవిడనే సూస్తన్నాది. ఒద్దంటే ఆ బొమ్మ కూడా పోతాది, ఏడాది పని అక్కడితో సరి.

"పిల్లా," అన్నాది సుక్కమ్మ, "ఇవి కొండమీద తిండి లేకే దిగుతన్నాయా, కంది రుసి మరిగా?"

"తెల్దు పిన్నీ. అదే సూడాల."

"అయితే బైటకి పంపుకో."